కోచింగ్ ఫీజుతో పాటు కుక్కర్‌కూ లెక్క వేయండి

డిగ్రీనో బీటెక్కో అయిపోయింది. ఉద్యోగ వేటలో ఊరు దాటుతున్నారు. సాఫ్ట్‌వేర్ కోర్సుకైతే అమీర్‌పేట, గ్రూప్స్‌కైతే అశోక్‌నగర్, బ్యాంకు పరీక్షలకైతే నంద్యాల, డీఎస్సీకైతే అవనిగడ్డ. బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేస్తారు. కోచింగ్ ఫీజు ఇంత, గది అద్దె ఇంత, పుస్తకాలకు ఇంత, ఫోన్ రీచార్జికి ఇంత. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘మెస్ ఉంటుందిలే’ అన్న ఒక్క మాటతో ఆ పద్దు మూసేస్తారు.

ఆ పద్దును అంత తేలిగ్గా మూసేయకండి. కోచింగ్ ఫీజు ఒక్కసారి కడితే అయిపోతుంది. తిండి ఖర్చు రోజుకు మూడుసార్లు వస్తుంది, ఉద్యోగం వచ్చేదాకా ఆగదు. నోటిఫికేషన్ వాయిదా పడినా వస్తుంది, ఇంటర్వ్యూ పోయినా వస్తుంది. అందుకే నలుగురు కలిసి గది తీసుకునేటప్పుడు మంచాలు, టేబుల్ ఫ్యాన్, వైఫై ఎంత ముఖ్యమో ఒక చిన్న వంటగది సరంజామా కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం. వంట చేస్తే టైమ్ మేనేజ్‌మెంట్ వస్తుంది, దాన్ని ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు లాంటి మాటలు నేను చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: వండుకోగలిగినవాడు ఎక్కువ రోజులు ఆగగలడు. ఎక్కువ రోజులు ఆగగలిగినవాడు తప్పుడు ఉద్యోగానికి తల ఊపాల్సిన పనిలేదు.

ఆగగలగడమే బలం

మీ సీనియర్లను అడిగి చూడండి. నచ్చని ఉద్యోగంలో ఎందుకు చేరావంటే చాలామంది చెప్పే జవాబు ‘చేతిలో డబ్బులైపోయాయి’ అనే. రెండేళ్ల బాండ్ మీద సంతకం పెట్టించుకునే కంపెనీ, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తన దగ్గరే పెట్టుకుంటాననే కంపెనీ, ‘ముందు డిపాజిట్ కట్టండి, తర్వాత ఉద్యోగం’ అనే కన్సల్టెన్సీ... వీళ్లందరూ బతికేది మీ తొందర మీద. ఆ తొందర పుట్టేది జేబులోంచి. ఇంటికి ఫోన్ చేసి ‘నాన్నా, ఈ నెల ఇంకో మూడు వేలు’ అని అడగలేక నోరు పెగలని రాత్రే చాలా తప్పు నిర్ణయాలు జరుగుతాయి.

నెల ఖర్చులో తగ్గించుకోగలిగిందేముంది? అద్దె మన చేతిలో లేదు. ఫీజు మన చేతిలో లేదు. మిగిలింది తిండి. తిండి తగ్గించమని కాదు నేననేది. పొద్దున టిఫిన్ ఎగ్గొట్టడం, రాత్రికి బన్నూ చాయ్‌తో సరిపెట్టుకోవడం పొదుపు కాదు, రోగాన్ని కొనితెచ్చుకోవడం. పరీక్షకు నెల ముందు కామెర్లో టైఫాయిడో పడితే ఏడాది చదువు నీళ్లపాలు. అదే డబ్బుకు ఎక్కువ తిండి, మంచి తిండి దొరికే దారి వండుకోవడమే.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజూ మనకు అందే శక్తిలో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని అందులో ఉంది. మిగతాది పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు, పండ్లు, గింజల నుంచి రావాలి. ఇప్పుడు మీ మెస్‌లో పళ్లెం గుర్తు తెచ్చుకోండి. మధ్యలో అన్నం కొండ, పక్కన నీళ్ల సాంబారు, గరిటెడు కూర. కడుపు నిండుతుంది, గంటలో నిద్ర ముంచుకొస్తుంది. మెస్ యజమానిని తప్పు పట్టి లాభం లేదు, ఆ ధరకు ఆయన పెట్టగలిగింది అంతే. పప్పు ఇంకో గరిటె వేసుకునే స్వేచ్ఛ మన గిన్నెలోనే ఉంటుంది.

‘వంట చేస్తూ కూర్చుంటే చదివేదెప్పుడు?’

ఇది న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా నిజాయతీగానే చెప్పుకోవాలి. వంటకు సమయం పడుతుంది. కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం, సరుకులు తేవడం అన్నీ కలిపితే రోజుకు గంటన్నర దాకా పోతుంది. అయితే నలుగురున్న గదిలో వంతులు వేసుకుంటే ఆ గంటన్నర మీకు నాలుగు రోజులకోసారి వస్తుంది. మెస్‌కు నడిచి వెళ్లడం, అక్కడ వరుసలో నిలబడటం, తిరిగి రావడం, దారిలో చాయ్ దగ్గర కబుర్లు... ఇవి మాత్రం రోజూ ఉంటాయి, రోజుకు రెండుసార్లు. యాప్‌లో ఏం ఆర్డర్ పెట్టాలో తేల్చుకోలేక ఫోన్ పట్టుకుని కూర్చునే సమయాన్ని మనం లెక్కలోనే వేసుకోం. ఒక వారం కాగితం మీద రాసి చూడండి, ఏది ఎక్కువో మీకే తెలుస్తుంది.

పైగా అన్నీ ఒకేసారి మొదలుపెట్టమని ఎవరూ అనడం లేదు. మనకు కర్రీ పాయింట్లు ఉన్నాయి. మొదటి వారం గదిలో అన్నం మాత్రం వండుకోండి, కూరా పప్పూ కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోండి. రెండో వారం పప్పు మీరే వండండి. మూడో వారం ఒక వేపుడు. నెల తిరిగేసరికి కర్రీ పాయింట్ మెట్లెక్కేది ఆదివారం మాత్రమే అవుతుంది. ఆ క్రమంలోనే సామాను కూడా కొనాలి. మొదటి రోజే పెళ్లి సారె లెక్కన అంతా కొనేసినవాళ్ల గదిలోనే మూడో నెలకు గిన్నెలు మంచం కింద దుమ్ము పట్టి ఉంటాయి.

కొనేముందు మూడు ప్రశ్నలు

ఒకటి, గది యజమాని వంటకు ఒప్పుకుంటారా? అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే అడగాలి. వద్దన్న హాస్టల్లో దొంగచాటుగా కాయిల్ హీటర్ పెట్టి వండటం ప్రమాదం. అక్కడి వైరింగ్ ఆ బరువుకు వేసింది కాదు.

రెండు, ఇండక్షనా, గ్యాసా? ఇండక్షన్ అయితే గదిలో ప్లగ్గు చూడండి. గోడకు మామూలుగా ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోయగలిగేది 1,380 వాట్లే. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌కు దాదాపు 9 ఆంపియర్లు కావాలి. అంటే గీజరుకో ఏసీకో పెట్టే పెద్ద సాకెట్, 16 ఆంపియర్లది ఉండాలి. అది లేకపోతే స్టవ్‌ను 1,200 వాట్లు దాటించకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మాత్రం ఎప్పుడూ తగిలించకండి. కరెంటు లెక్క కూడా సులువే. 1,500 వాట్ల మీద రోజుకు గంట వండితే ఒకటిన్నర యూనిట్, నెలకు 45 యూనిట్లు. యజమాని సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కు ఎంత వసూలు చేస్తున్నారో అడిగి, గుణించి చూసుకోండి.

గ్యాస్ అనుకుంటే అద్దె గదికి పెద్ద కనెక్షన్ తీసుకోవడం చాలామందికి కుదరదు. వాళ్ల కోసమే 5 కిలోల చిన్న సిలిండర్లు వచ్చాయి. ఆయిల్ కంపెనీల డీలర్ల దగ్గర, కొన్ని పెట్రోల్ బంకుల్లో దొరుకుతాయి. చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఇండియన్ ఆయిల్ దానికి ‘ఛోటు’ అని పేరు కూడా పెట్టింది. అంతేగానీ సందు చివరి దుకాణంలో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ ఎక్కించి ఇచ్చేవాళ్ల దగ్గరకు వెళ్లకండి. అది చట్టవిరుద్ధం, దానికి మించి ప్రాణాంతకం. సిలిండర్ నిలువుగా నేల మీద, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. ట్యూబ్‌కు ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. వంట చేసేచోట కిటికీ ఉండాలి. కిటికీ లేని గదిలో గ్యాస్ వద్దే వద్దు.

మూడు, ఎంతమందికి వండుతారు? ఇద్దరికైతే 3 లీటర్ల కుక్కర్, ముగ్గురు నలుగురికైతే 5 లీటర్లది. ఈ లెక్క తేలకుండా కొట్టుకు వెళ్తే షాపతను చూపించిందే కొనుక్కొస్తారు.

మొదటి నెల సామాను

మొదటగా కొనాల్సింది ప్రెషర్ కుక్కర్. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి అక్కడే ఆగుతాయి. కుక్కర్లో ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే గంట పట్టే శనగలు పావుగంటలో ఉడుకుతాయి. సమయం, కరెంటు రెండూ మిగులుతాయి. కింద నీళ్లు పోసి, ఒక గిన్నెలో పప్పు, దానిమీద ఇంకో గిన్నెలో బియ్యం పెడితే ఒకే పొయ్యి మీద ఒకేసారి రెండూ అయిపోతాయి.

కుక్కర్‌కు ఐఎస్ఐ ముద్ర చట్టప్రకారం తప్పనిసరి. దాని ప్రమాణం సంఖ్య ఐఎస్ 2347, కుక్కర్ మీదే ఉంటుంది. ఆ ముద్ర లేని కుక్కర్లు తమ సైట్‌లో అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకే లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. కాబట్టి ‘ఆఫర్’ అని కనిపించగానే నొక్కేయకండి. వాడేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. కుక్కర్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు, పప్పూ బియ్యమూ నేరుగా అందులో వేస్తే సగానికి మించొద్దు. విజిల్ పెట్టే గొట్టంలో ఏమీ అడ్డుపడలేదని ప్రతిసారీ వెలుతురుకు పెట్టి చూడండి. ఆవిరి పూర్తిగా పోకుండా మూత లాగొద్దు. గ్యాస్కెట్ సాగిపోతే ఆ రోజే మార్చండి, వందా రెండు వందల దగ్గర పీనాసితనం వద్దు.

రెండోది స్టీలు గిన్నెలు, మూతలతో సహా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. హైదరాబాద్‌లో ఉంటే ఒకసారి బేగంబజార్ వెళ్లండి. స్టీలు సామాను అక్కడ తూకం మీద అమ్ముతారు. పల్చటిది చవగ్గా వస్తుంది కానీ అడుగంటుతుంది, సొట్టలు పడుతుంది. అడుగు మందంగా ఉన్నది చూసుకోండి. ఇండక్షన్ కోసమైతే జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. గిన్నె అడుగుకు అది గట్టిగా అతుక్కుంటేనే ఆ గిన్నె ఇండక్షన్ మీద పనిచేస్తుంది. ఉత్త అల్యూమినియం గిన్నె, రాగి చెంబు దానిమీద వేడెక్కవు.

మూడోది మంచి చాకు ఒకటి, చెక్క పలక ఒకటి. ఐదు చాకుల సెట్టు అక్కర్లేదు. అమ్మ కత్తిపీట మీద తరిగినంత వేగం మనకు రావాలంటే ఏళ్లు పడుతుంది, చాకుతో వారంలో చేయి తిరుగుతుంది. మొద్దుబారిన చాకే వేలు కోస్తుంది, పదునైనది కాదు. నాలుగోది పోపులపెట్టె. ఆవాలు, జీలకర్ర, మినపప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు. ఈ ఏడూ ఉంటే తెలుగింటి వంట సగం అయినట్టే. ఇక రెండు గరిటెలు, ఒక పట్టుకారు, రెండు మసిగుడ్డలు, బియ్యానికీ పప్పుకీ గట్టి మూతల డబ్బాలు. తినే పళ్లెం, గ్లాసు ఎవరివి వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోండి.

ఇండక్షన్ స్టవ్‌తో కలిపి ఇదంతా మధ్యరకం బ్రాండ్లలో సుమారు 6,000 రూపాయలలోపు తెమలొచ్చు. బ్రాండును బట్టి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతుంది. ముగ్గురు పంచుకుంటే తలా 2,000. ఇక్కడో చిట్కా. ప్రతి వస్తువుకూ మూడు వాటాలు వేసుకోకండి. కుక్కర్ ఒకరు, స్టవ్ ఒకరు, మిగతావన్నీ ఇంకొకరు కొనండి. రేపు ఒకరికి పుణెలోనో బెంగళూరులోనో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఎవరి వస్తువు వాళ్లది. తీసుకెళ్తారో, కొత్తగా వచ్చినవాళ్లకు సగం ధరకు ఇచ్చేస్తారో వాళ్లిష్టం. గదుల్లో స్నేహాలు చెడేది చాలాసార్లు ఇలాంటి చిల్లర లెక్కల దగ్గరే.

రెండో నెలలో...

అన్నం, పప్పు కుదిరాక ఇనుప పెనం, ఇనుప మూకుడు కొనండి. పెనం మీద అట్లు, చపాతీలు, ఆమ్లెట్ అన్నీ అవుతాయి. మూకుడులో వేపుళ్లు, ఉప్మా, పోపు. కొత్త పెనాన్ని బాగా కడిగి, ఆరబెట్టి, నూనె రాసి సన్నని సెగ మీద కాసేపు కాల్చండి. తర్వాత సగం కోసిన ఉల్లిపాయతో రుద్దండి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే అట్టు అంటుకోకుండా లేస్తుంది. కడిగాక తడి తుడవకపోతే తుప్పు పడుతుంది, అంతకుమించి దానికి చాకిరీ ఏమీ లేదు. జాగ్రత్తగా వాడితే మీ తర్వాతి తరానికీ పనికొస్తుంది.

నాన్‌స్టిక్ సంగతి అడుగుతారేమో. పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లోనే నాన్‌స్టిక్ పెనాన్ని 170 డిగ్రీలకు మించి వేడి చేస్తే పూత నుంచి హానికర పొగలు రావచ్చనీ, గీతలు పడ్డవి పారేయాలనీ హెచ్చరించారు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడే మన గదుల్లో అది ఆ వేడి దాటడం ఎంతసేపు? పైగా స్టీలు గరిటెతో గీకని రూమ్మేట్ ఏ గదిలో ఉంటాడు! అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటివాటిని అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచకూడదు. మనం సిల్వర్ గిన్నె అని పిలిచేది అల్యూమినియమే. పులుసు అయిపోగానే స్టీలు గిన్నెలోకి మార్చేయండి.

మిక్సీ మూడో నెలలో చూసుకోవచ్చు. ముగ్గురికి 500 వాట్లది చాలు. మిక్సీ వచ్చిన రోజు నుంచి బయట కొనేవి కొన్ని ఆగిపోతాయి. అల్లం వెల్లుల్లి ముద్ద, కందిపొడి, కరివేపాకు పొడి, కొబ్బరి పచ్చడి, అట్ల పిండి. ఆదివారం అరగంట కూర్చుని ఒక సీసా కందిపొడి కొట్టుకుంటే, వంట చేయబుద్ధికాని రాత్రి వేడన్నంలో పొడి, నూనె కలుపుకుని తినొచ్చు. సరిగ్గా అలాంటి రాత్రే యాప్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టేది మరి!

కొనకూడనివీ చెప్పాలి. ఎయిర్ ఫ్రయర్, చపాతీ మేకర్, లాగితే ముక్కలయ్యే ప్లాస్టిక్ చాపర్, ముప్పై రెండు వస్తువుల డిన్నర్ సెట్టు. వీటిలో ఏదీ మీ గదిలో రోజూ వాడరు. ముఖ్యంగా ఏదీ ఈఎంఐ మీద కొనకండి. జీతం లేనప్పుడు వాయిదా కట్టే వస్తువు వంటింట్లో ఉండకూడదు. ఫ్రిజ్ కూడా అవసరం లేదు. రెండు రోజులకు సరిపడా కూరగాయలు తెచ్చుకోండి, ఏ పూటకాపూట వండుకోండి. మిగిలిన అన్నాన్ని రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా అలా బయట వదిలేసి తినొద్దు. అందులో పెరిగే కొన్ని బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు.

సరుకుల లెక్క

మనిషికి పూటకు 120 గ్రాముల బియ్యం, రోజుకు రెండు పూటలు అనుకుంటే నెలకు 7 కిలోల పైచిలుకు. ముగ్గురికి 22 కిలోలు, అంటే 25 కిలోల బస్తా నెల దాటి వస్తుంది. కందిపప్పో పెసరపప్పో రోజుకు 50 గ్రాముల చొప్పున మనిషికి నెలకు కిలోన్నర. నూనె మనిషికి అర లీటరుకు కాస్త పైన. మీ ఊరి ధరలు వీటి పక్కన వేసుకుని, మెస్ బిల్లుతో పోల్చి చూడండి. వేరేవాళ్ల లెక్క నమ్మకండి, నాది కూడా. మీరే వేసుకోండి.

కూరగాయలకు రైతుబజారుకు వెళ్లండి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన రైతుబజార్లు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం ఆడటం రానివాళ్లకు అదో ధైర్యం.

ఒక చిన్న వంట రహస్యం. కందిపప్పును అరగంట నానబెడితే త్వరగా ఉడుకుతుంది. పప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే ఎన్ని విజిళ్లు వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది, పులుపు పప్పును మెత్తబడనివ్వదు. ముందు పప్పు, తర్వాతే పులుపు. చాలామంది ‘నాకు వంట రాదు’ అనుకునేది ఇలాంటి ఒకటి రెండు సంగతులు ఎవరూ చెప్పకపోవడం వల్లే.

గరిటె ఒక్కరి చేతికే ఇవ్వకండి

అసలు చెప్పాల్సిన మాట ఇది. గదిలో నలుగురిలో ముగ్గురికి ఉద్యోగం వచ్చి ఒకరు మిగిలితే ఏం జరుగుతుందో చాలామందికి తెలుసు. ‘నువ్వు గదిలోనే ఉంటావుగా, కాస్త కుక్కర్ పెట్టెయ్‌రా’ అన్న మాటతో మొదలవుతుంది. నెల తిరిగేసరికి వంట, గిన్నెలు, సరుకులు అన్నీ అతనివే. ఎక్కువ చదవాల్సినవాడే తక్కువ చదువుతాడు. పైకి ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అయినా అన్యాయం జరిగిపోతుంది. ఉద్యోగం లేని సమయాన్ని ఖాళీ సమయం అనుకోవడమే ఆ అన్యాయానికి మూలం. ఉద్యోగం వెతకడం కూడా పనే. మీకు ముందు ఉద్యోగం వస్తే వంతు తప్పించుకోకండి. కుదరకపోతే మీ వంతు రోజు కర్రీ పాయింట్ ఖర్చు మీరే పెట్టుకోండి.

అబ్బాయిలకు ఇంకో మాట. ఇంట్లో చెల్లి ఉంటే ఆమెకు పదో తరగతిలోనే కుక్కర్ పెట్టడం నేర్పి, మీకు ఇంజినీరింగ్ అయ్యాక కూడా నేర్పని ఇంటి నుంచి మీరు వచ్చి ఉండొచ్చు. అది మీ తప్పు కాకపోవచ్చు. ఇకమీద నేర్చుకోకపోతే మాత్రం అది మీదే. అమ్మాయిలకూ చెప్పాలి. నాకు వంట వచ్చు కదా అని హాస్టల్ గదిలో అందరి వంటా మీ నెత్తిన వేసుకోకండి. వచ్చినవాళ్లు నేర్పాలి, రానివాళ్లు చేయాలి. గోడ మీద వంతుల కాగితం అతికించండి. వండినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమకూడదు, ఈ ఒక్క నియమం చాలు గొడవలు సగం తగ్గడానికి.

అందరికీ ఇదే దారా?

కాదు. రెండు నెలల కోర్సుకు ఒక్కరే వెళ్తుంటే సామాను కొనడం దండగ, మెస్సే నయం. పరీక్షకు ఆఖరి రెండు వారాల్లో పొయ్యి ఆర్పేసి బయట తిన్నా తప్పులేదు. రాత్రి షిఫ్టులో పార్ట్‌టైమ్ చేస్తూ చదివేవాళ్లు వండుకోలేకపోతే నామోషీ పడాల్సిన పనిలేదు. కానీ ఆరు నెలలకు మించి, ఇద్దరూ అంతకన్నా ఎక్కువ మందీ కలిసి ఉండేవాళ్లకు ఈ లెక్క దాదాపు ఎప్పుడూ లాభమే.

పై చదువులకు విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇది ఇంకా అవసరం. అమెరికా వెళ్లే మన పిల్లల సూట్‌కేసులో కుక్కర్, పోపులపెట్టె, ఆవకాయ ఉండటం కొత్త కాదు. కుక్కర్ తీసుకెళ్లండి. ఇక్కడి మిక్సీ, ఇండక్షన్ స్టవ్ మాత్రం వద్దు. అవి మన 230 వోల్టుల కోసం చేసినవి, అక్కడ కరెంటు 120 వోల్టులు. అక్కడ పనిచేసే 110 వోల్టుల మిక్సీలు మన దుకాణాల్లోనే అడిగితే దొరుకుతాయి. సామాను కన్నా ముందు చేతిని సిద్ధం చేసుకోండి. విమానం ఎక్కే ముందు రెండు నెలలు ఇంట్లో రోజూ ఒక పూట మీరే వండితే ఏ దేశంలోనైనా మొదటి నెల గడుస్తుంది.

ఉద్యోగం ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. నోటిఫికేషన్ తేదీ మీ చేతిలో లేదు, కట్ఆఫ్ మీ చేతిలో లేదు, ఇంటర్వ్యూ బోర్డులో ఎవరు కూర్చుంటారో అసలే లేదు. అవి వచ్చేదాకా ఎలా బతకాలన్నది మాత్రం కొంత మీ చేతిలో ఉంది. ఈసారి గది ఖర్చుల కాగితం రాసేటప్పుడు అద్దె కింద రెండో వరుసలో ‘కుక్కర్, పొయ్యి, గిన్నెలు’ అని రాయండి. ఎవరు ఏది కొంటారో అదే రోజు తేల్చుకోండి. బేరం కుదరని ఉద్యోగానికి ‘వద్దండీ, ఇంకో రెండు నెలలు చూస్తాను’ అని ధైర్యంగా చెప్పగలిగిన రోజున, ఆ రెండు నెలలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకే తెలుస్తుంది.